నీటికాసులంటే ఏ కాసులండీ?

తెలుగులో జబ్బుల పేర్లు చెప్తే నవ్వడం మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఓ అలవాటు. "గ్లాకోమాని తెలుగులో ఏమంటారో తెలుసా? నీటికాసులట!" అని ఒకడు మొదలెడతాడు. పక్కవాడు కాఫీ కప్పు కింద పెట్టి మరీ నవ్వుతాడు. "హాయిగా గ్లాకోమా అంటే పోయేదానికి ఈ కాసులూ పైసలూ ఎందుకు? అది సైంటిఫిక్ పేరు, ఇది అమ్మమ్మల కాలం పేరు" అని ఇంకొకడు తీర్పు చెప్పేస్తాడు. కేసు క్లోజ్.

ఇటువైపు భాషాభిమానులు ఉంటారు. వాళ్ళు ఊరుకుంటారా? సంస్కృత గ్రంథాలు తిరగేసి నోరు తిరగని మాట ఒకటి పట్టుకొచ్చి "ఇదిగో, మన పూర్వీకులు ఎప్పుడో పెట్టిన పేరు" అంటారు. అది అయిజ బస్టాండులో ఎవరికి అర్థమవుతుందని మాత్రం అడక్కూడదు.

నా గొడవ ఈ ఇద్దరితోనూ. జబ్బు పేరంటే డిగ్రీ సర్టిఫికెట్ కాదు, గొప్ప కోసం గోడకి తగిలించుకోడానికి. రోగి చేతికి అందే మొట్టమొదటి మందుచీటీ ఆ పేరే. డాక్టరు చెప్పిన మిగతా మాటలన్నీ ఆస్పత్రి గేటు దాటేలోపు మర్చిపోవచ్చు, పేరొక్కటే ఇంటిదాకా వస్తుంది. ఆ పేరు తప్పుడు సంగతి చెప్తే చూపు పోతుంది. ఊరికే నాటకీయంగా అనడం లేదు. మా ఇంట్లో పోయింది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ "సైంటిఫిక్" పేరు బండారం చూద్దాం.

గ్లాకోమా గ్రీకు మాట. మూలం "గ్లౌకోస్". దానికి అర్థం నీలానికీ, ఆకుపచ్చకీ, బూడిద రంగుకీ మధ్య ఎక్కడో ఉండే ఒక మెరిసే రంగు. గ్రీకుల దేవత ఎథీనాకి హోమర్ కావ్యాల్లో "గ్లౌకోపిస్" అని ఒక విశేషణం ఉంది, మెరిసే కళ్ళది అని. గ్రీకులో గుడ్లగూబని కూడా "గ్లౌక్స్" అంటారు. హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న సూత్రాల్లో ముసలితనంలో వచ్చే జబ్బుల జాబితా ఒకటుంది. అందులో "గ్లౌకోసిస్" కనిపిస్తుంది. అంటే ముసలివాళ్ళ కంటిపాప నీలంగానో బూడిదగానో కనబడితే దానికి పెట్టిన పేరు. అంతే. అందులో ఒత్తిడి లేదు, నరం లేదు, చూపు ఎందుకు పోతుందో లేదు. వాళ్ళు చూసిన ఆ బూడిదరంగు కళ్ళలో చాలావాటికి ఉన్నది మనం ఇవాళ గ్లాకోమా అంటున్న జబ్బే కాకపోవచ్చు, శుక్లాలు అయ్యుండొచ్చు. ఎందుకంటే ఆ రోజుల్లో రెండింటికీ తేడా తెలీదు.

అదీ మన సైంటిఫిక్ పేరు! తెలుగులో "పిల్లికళ్ళ జబ్బు" అని పెడితే పడీ పడీ నవ్వుతాం కదా, దాదాపు అదే సంగతి గ్రీకులో ఉంటే టై కట్టుకుని తల ఊపుతాం. పైగా ఆ చివరున్న "ఓమా" ఒకటి. కార్సినోమా, లింఫోమా విన్నవాళ్ళు గ్లాకోమా కూడా ఏదో క్యాన్సర్ అనుకుని హడలిపోవడం నేను చూశాను. దీనికీ గడ్డలకీ ఏ సంబంధమూ లేదు.

ఇక కాటరాక్ట్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. లాటిన్‌లో "కాటరాక్టా" అంటే జలపాతం. కంటికీ జలపాతానికీ ఏంటి లింకు? పాతకాలంలో నమ్మకం ఏంటంటే, తల లోపల్నించి ఒక ద్రవం కంటిలోకి దిగి, కంటిపాప వెనక గడ్డకట్టి తెరలా నిలబడుతుందని. అరబ్బు వైద్యులు దాన్ని "కంట్లోకి దిగే నీళ్ళు" అన్నారు. 11వ శతాబ్దంలో ఆఫ్రికా నుంచి ఇటలీ వెళ్ళిన కాన్‌స్టంటైన్ అనే అనువాదకుడు అరబ్బీ వైద్య గ్రంథాలని లాటిన్‌లోకి దించుతూ దీనికి కాటరాక్టా అని పెట్టాడు. అంటే ఒక తప్పుడు సిద్ధాంతాన్ని తీసుకుని, శ్రద్ధగా అనువదించి, వెయ్యేళ్ళ పాటు జనం నోళ్ళలో నాటాడు.

1705లో మిషెల్ బ్రిస్సో అనే ఫ్రెంచి వైద్యుడు చనిపోయిన ఒక సైనికుడి కన్ను కోసి చూశాడు. దిగిన నీళ్ళూ లేవు, తెరా లేదు. కంటి లోపలున్న కటకమే, అంటే లెన్సే, మసకబారిపోయి ఉంది. సిద్ధాంతం ఆరోజే పోయింది. పేరు మాత్రం పోలేదు. లెగసీ కోడ్ అంటే ఏంటో మనకి వేరే చెప్పక్కర్లేదుగా, కంపెనీ మూతబడినా ఆ వేరియబుల్ పేరు మాత్రం బతికే ఉంటుంది :-)

ఇక్కడిదాకా అయితే సరదా కబుర్లే. అసలు ప్రమాదం ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఉంది.

పాతకాలంలో రెండు జబ్బుల్నీ ఒకే జాతి కింద చూశారు కాబట్టి, ప్రపంచంలో చాలా భాషలు రెండింటికీ ఒకే పేరు పెట్టి, రంగు మాత్రం మార్చాయి. అరబ్బీలో శుక్లం "తెల్ల నీళ్ళు", గ్లాకోమా "నీలి నీళ్ళు". పారశీకంలో ఒకటి "ముత్యపు నీళ్ళు", ఇంకోటి "నల్ల నీళ్ళు". జర్మన్‌లో ఒకటి బూడిద "ష్టార్", ఇంకోటి పచ్చ "ష్టార్". జపనీయుల దగ్గర ఒకటి తెల్ల అడ్డు, ఇంకోటి పచ్చ అడ్డు. మన హిందుస్తానీలో శుక్లం మోతియాబిందు, అంటే ముత్యపు చుక్క. గ్లాకోమా "కాలా మోతియా".

గమనించారా? ఒకే బేస్ క్లాసు నుంచి రెండు జబ్బుల్ని దించారు. దాంతో తెల్లదాని లక్షణాలన్నీ నల్లదానికి కూడా వారసత్వంగా వచ్చేశాయి. జబ్బులో కాదు, జనం బుర్రల్లో.

తెల్ల మోతియా లక్షణాలు ఏంటి? మెల్లగా వస్తుంది. కంటిపాపలో తెల్లగా కనిపిస్తుంది. ఆపరేషన్ చేసి, మసకబారిన కటకం తీసేసి, కొత్తది పెడితే మళ్ళీ చూపొస్తుంది. ఆలస్యమైతే చాలావరకు ఇబ్బందే తప్ప శాశ్వత నష్టం ఉండదు. పాతరోజుల ఆపరేషన్ పద్ధతికి అది బాగా ముదరాలి, అందుకే "పండినంక రా" అనేవాళ్ళు. ఇప్పటి పద్ధతులకి ఆ అవసరం లేదు, అయినా మాట నిలిచిపోయింది.

మెల్లగా రావడమొక్కటి తప్ప, నల్ల మోతియాకి వీటిలో ఇంకేదీ వర్తించదు. ఒక్కటంటే ఒక్కటి కూడా.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది అయిజ. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా, 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ. అటు రాయచూరు, ఇటు కర్నూలు, కాబట్టి మా నోట్లో తెలుగుతో పాటు కన్నడమూ ఉర్దూ కూడా కాస్త కాస్త నలుగుతుంటాయి. కంటిలో శుక్లం అంటే మా పెద్దవాళ్ళకి అంతగా ఎక్కదు. మోతియా అంటే వెంటనే ఎక్కుతుంది.

మా పెద్దనాయనకి అరవై దాటాక ఒక కంటి శిబిరంలో ఎవరో చూసి "నల్ల మోతియా లెక్కుంది, పెద్దాసుపత్రికి పోయి చూపిచ్చుకో" అన్నారు. అంతే చెప్పారు. ఒక చీటీ ఇచ్చారు, దాని మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క. ఆయన ఇంటికొచ్చి ఏమనుకున్నాడు? పక్కింటాయనకి మోతియా వస్తే కర్నూల్లో ఆపరేషన్ చేపిచ్చుకుని మళ్ళీ పేపరు చదువుతున్నాడు. కాబట్టి ఇదీ అంతే. నాన్న అడిగితే "ఏం గాదు లేరా, మోతియానే గద. బాగ పండినంక తీపిచ్చుకుంటె సరిపాయె. ఇప్పుడు సీడుపత్తి పని యాడిడిసిపెట్టి పోతును?" అన్నాడు. నొప్పి లేదు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తోంది. పండలేదు అనుకున్నాడు.

రెండేళ్ళు గడిచాయి. పక్కనించి వచ్చే బండి కనిపించకపోవడం, తలుపు చట్రానికి భుజం కొట్టుకోవడం, గట్టు మీద నడుస్తూ కాలు జారడం మొదలయ్యాయి. "వయసు పడింది" అన్నారు అందరూ. చివరికి హైదరాబాద్ తీసుకొచ్చి చూపిస్తే, ఒక కన్ను దాదాపు అయిపోయింది. రెండో కంట్లో గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రం మిగిలింది. మా పెద్దనాయన డాక్టరుగారిని అడిగిన మాట నేను మర్చిపోలేను. "సార్, పండింది గద, ఇంగ తీసెయ్యుండ్రి" అన్నాడు. తీసేయడానికి అక్కడ ఏమీ లేదని ఆయనకి అర్థం చేయించడానికి అరగంట పట్టింది.

ఇందులో మా పెద్దనాయన అజ్ఞానం ఎక్కడుందో నాకు చెప్పండి. ఆయన చేతిలో పెట్టిన పేరుని బట్టి ఆయన వేసిన లెక్క నూటికి నూరుపాళ్ళూ కరెక్ట్. ఇన్‌పుట్ తప్పు. తప్పు ఇన్‌పుట్ ఇచ్చి, వచ్చిన అవుట్‌పుట్‌కి "పల్లెటూరోళ్ళకి అవగాహన లేదు" అని పేరు పెట్టడం మనకి బాగా అలవాటు.

అసలు జబ్బు ఏంటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. కంటి ముందుభాగంలో ఒక పలచటి ద్రవం ఎప్పుడూ ఊరుతూ, ఒక జల్లెడ లాంటి దారి గుండా బయటికి పోతూ ఉంటుంది. ఇది కన్నీళ్ళు కాదు, కంటి లోపలి నీళ్ళు. ఊరినంత పోకపోతే కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా ఈ ఒత్తిడి పాదరసం కొలతలో 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. దెబ్బ తగిలేది మాత్రం కంటి వెనక, కంటిని మెదడుకి కలిపే నరానికి. ఆ నరంలో పోగులు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ముందు అంచుల్లో చూపు పోతుంది, చివర్న మధ్య చూపు. పోయిన పోగు తిరిగి రాదు. చుక్కల మందులు, లేజరు, ఆపరేషన్ అన్నీ ఉన్నాయి. కానీ అవి ఉన్నది కాపాడటానికే, పోయింది తేవడానికి కాదు. ప్రపంచంలో తిరిగిరాని అంధత్వానికి మొదటి కారణం ఇదే.

ఈ సంగతి కూడా ఒక్కరోజులో తేలలేదు. 1830లో స్కాట్లండ్ డాక్టరు విలియం మెకంజీ ఈ జబ్బులో కనుగుడ్డు గట్టిపడుతుందని రాశాడు. 1851లో హెల్మ్‌హోల్ట్స్ బతికున్న మనిషి కంటి లోపలికి చూసే పరికరం బయటపెట్టాకే ఆ నరం కంటిలోకి వచ్చేచోట గుంటపడుతుందని డాక్టర్లు చూడగలిగారు. అంటే పేరు పుట్టి రెండువేల ఏళ్ళు దాటాక జబ్బేంటో తెలిసింది. అప్పుడైనా పేరు మార్చారా? లేదు.

"ఒక్క పెద్దనాయన కథ పట్టుకుని ఇంత గోలా" అంటారని తెలుసు. సరే, లెక్కలు చూడండి. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళు 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద సర్వే చేశారు. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మా మహబూబ్‌నగర్, ఈ నాలుగు చోట్లా పదివేల మందికి పైగా పరీక్షించారు. అందులో భాగంగా ఫలానా కంటిజబ్బు గురించి తెలుసా అని కూడా అడిగారు. 2001లో అచ్చయిన హైదరాబాద్ ఫలితాలు ఇవీ: శుక్లం గురించి తెలిసినవాళ్ళు 69.8 శాతం. రేచీకటి 60 శాతం. షుగరు వల్ల వచ్చే కంటిజబ్బు 27 శాతం. గ్లాకోమా? 2.3 శాతం. ఇది చదువుకున్నవాళ్ళుండే నగరంలో! మిగతా మూడు జిల్లాల పల్లెల సంగతి 2005లో అచ్చయింది. 7,775 మందిని అడిగితే గ్లాకోమా సంగతి తెలిసినవాళ్ళు 25 మంది. అంటే 0.32 శాతం. మా జిల్లా కూడా ఆ లెక్కలోనే ఉంది.

అదే సర్వేలో హైదరాబాద్‌లో గ్లాకోమా బయటపడినవాళ్ళలో, తమకి ఆ జబ్బుందని ముందే తెలిసినవాళ్ళు చాలా తక్కువ. 2010లో వేసిన ఒక అంచనా ప్రకారం మనదేశంలో నలభై దాటినవాళ్ళలో 1.12 కోట్ల మందికి ఈ జబ్బుంది. ఎంతమందికి తెలియకుండా ఉండుంటుందో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు ఆ జాబితాలో రేచీకటిని మళ్ళీ చూడండి. అరవై శాతం! రే అంటే రాత్రి. రాత్రి పూట చీకటి. ఆ మాట వింటే చాలు, జబ్బేంటో తెలిసిపోతుంది. బడికెళ్ళని అవ్వ కూడా "పొద్దు గూకితే మనవడికి కనిపిస్తలేదు, రేచీకటేమో" అని తనే పట్టుకోగలదు. పేరే లక్షణం, పేరే పరీక్ష. పేరొక్కటే కారణమని నేననను. రేచీకటి గురించి ఏళ్ళ తరబడి విటమిన్ ఎ ప్రచారం జరిగింది, శుక్లం ఇంటింటా ఉన్న జబ్బు. ఒప్పుకుంటా. కానీ అర్థమయ్యే పేరున్న జబ్బుకి ప్రచారం చేయడం ఎంత తేలికో, అర్థంకాని పేరున్న జబ్బుకి ఎంత కష్టమో ఆలోచించండి.

మన భాషకి పేర్లు పెట్టడం చేతకాదనేవాళ్ళకి ఇంకో రెండు ఉదాహరణలు. కండ్లకలక. కలక నీళ్ళు అంటాం కదా, అదే కలక. కన్ను కలకబారి ఎర్రబడింది, అయిపోయింది. ఇంకోటి చత్వారం. సంస్కృతంలో "చత్వారింశత్" అంటే నలభై. నలభై ఏళ్ళకి దగ్గరి అక్షరాలు మసకబారడం మొదలవుతుంది కాబట్టి చత్వారం. మరాఠీవాళ్ళు "చాళిశీ" అంటారు, మా పక్కనున్న కన్నడిగులు "చాళీసు" అంటారు, అన్నీ నలభై లెక్కే. ఇంగ్లీషువాడి ప్రెస్‌బయోపియా అంటే "ముసలి కన్ను". ఏది నయం? మన పేరులో వయసు కొలత ఉంది, ముందస్తు హెచ్చరిక ఉంది, మర్యాద కూడా ఉంది. నలభై ఏళ్ళ టీమ్ లీడ్‌ని పట్టుకుని ముసలికన్ను అంటే ఊరుకుంటాడా?

కాబట్టి తెలుగుకి చేతకాదనడం అబద్ధం. మంచి పేర్లున్నాయి, చెడ్డ పేర్లున్నాయి. నీటికాసులు చెడ్డ పేరు. తెలుగు పేరు కాబట్టి వెనకేసుకురావాలని నాకేం లేదు. దాంట్లో "నీరు" వినగానే కళ్ళ వెంట నీళ్ళు కారడం అనుకుంటారు. కారవు. పైగా కళ్ళ వెంట నీళ్ళు కారే ప్రతివాడూ తనకి నీటికాసులేమో అని భయపడతాడు. కాసు అంటే నాణెం. ఏ నాణెం, ఎందుకు నాణెం, ఆ పేరు విన్న రోగికి తెలిసేదేమీ లేదు. మా పెద్దనాయన మందుల చీటీలు చూసి మా చిన్నమ్మ అన్నట్టు "నీటికాసులో ఏమో గాని, మన కాసులైతె నీళ్ళ లెక్క పోతున్నయి". నిజానికి ఈ జబ్బుకి సరిపోయే నీళ్ళ మాట తెలుగులో ఒకటుంది, చాపకింద నీరు. అది ఎవరూ వాడలేదు!

ఇక సంస్కృతం పెద్దమనుషులు. గ్లాకోమాకి వాళ్ళు చెప్పేది "అధిమంథం". సుశ్రుత సంహితలో ఉంది. మంథం అంటే చిలకడం. కన్నుని కవ్వంతో చిలుకుతున్నంత నొప్పి అని. గొప్ప పేరే, నొప్పితో ఒక్కసారిగా ఒత్తిడి పెరిగే రకం గ్లాకోమాకి అతికినట్టు సరిపోతుంది. కానీ ఎక్కువమంది కళ్ళని నొప్పి లేకుండా తినేసే రకానికి ఈ పేరు పెడితే ఏమవుతుంది? "నాకు నొప్పి లేదు కదా, అధిమంథం ఎలా అవుద్ది" అని ఇంట్లో కూర్చుంటాడు. మా పెద్దనాయన కథే, ఈసారి సంస్కృతంలో.

శుక్లం మాత్రం తక్కువ తిన్నదా? శుక్లమంటే తెలుపు. సుశ్రుతుడి దగ్గర "శుక్రం" అనేది కంటి నల్లభాగం మీద వచ్చే తెల్లమచ్చ, మన ఊళ్ళల్లో "పువ్వు" అంటారే, దానికి దగ్గరిది. కటకం మసకబారే జబ్బుని ఆయన తిమిరం, కాచం, లింగనాశం అనే వరసలో చెప్పాడు. మనం తెల్లగా కనిపించిన ప్రతిదాన్నీ శుక్లం చేసేశాం. పూర్వీకుల పేరు మీద ప్రమాణం చేసే ముందు పూర్వీకులు ఏమన్నారో ఒకసారి చదివితే బాగుంటుంది.

"సరే గురూ, ఇదంతా డాక్టర్ల గొడవ, మనకెందుకు?" అంటారేమో. అక్కడికే వస్తున్నా. ఇవాళ రోగికి పేరు చెప్తున్నది డాక్టరొక్కడే కాదు, మనం కూడా. ఆరోగ్య యాప్‌లు, ఇన్సూరెన్స్ ఫారాలు, ఆస్పత్రి సాఫ్ట్‌వేర్లు, శిబిరాల్లో ట్యాబ్‌ల మీద నింపే దరఖాస్తులు, అన్నిటికీ తెలుగు రాసి పెడుతున్నది మనమే. ఆమధ్య అలాంటి ఒక యాప్ తెలుగు స్ట్రింగ్స్ ఫైలు నా దగ్గరికి రివ్యూకి వచ్చింది. కంపెనీ పేరు అనవసరం. అందులో కుటుంబ ఆరోగ్య చరిత్ర అనే డ్రాప్‌డౌన్‌లో కాటరాక్ట్‌కి "కంటిశుక్లం" అనీ, గ్లాకోమాకి కూడా "కంటిశుక్లం" అనీ ఉంది. మెషీన్ అనువాదం చేసి పెట్టిన ఘనకార్యం. నేను బగ్ రాస్తే దానికి ఇచ్చిన ప్రాధాన్యం ఏంటో తెలుసా? "కాస్మెటిక్". బటన్ రంగు తేడా, అక్షరం సైజు తేడా, వాటి సరసన. ఎందుకయ్యా అంటే "రెండూ కంటి జబ్బులే కదా, యూజర్‌కి ఐడియా వస్తుంది" అన్నారు.

ఐడియా వస్తుంది! మా పెద్దనాయనకి కూడా ఐడియా వచ్చింది.

పేమెంటు పేజీలో డెబిట్‌కీ క్రెడిట్‌కీ ఒకే మాట పెడితే ఆ రాత్రికి రాత్రే మొత్తం టీముని లేపుతారు. డబ్బు కాబట్టి. చూపు అయితే కాస్మెటిక్. పైగా పేర్లు పెట్టడం మన వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని అని మనమే ఒకరికొకరు క్లాసులు పీక్కుంటాం. ఒక ఫంక్షన్ పేరు మీద గంటసేపు కోడ్ రివ్యూలో కొట్టుకునేవాళ్ళం, అమ్మానాన్నలు చదివే మాట దగ్గరికొచ్చేసరికి మెషీన్ ఏది ఇస్తే అది అతికించేస్తాం.

ప్రభుత్వం చేసేది కూడా ఒక మాట. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటివెలుగు మొదలుపెట్టి మొదటి విడతలో కోటిన్నర మందికి పైగా కళ్ళు పరీక్షించారు, 2023 జనవరిలో రెండో విడత చేశారు. ఎన్ని లక్షల మందికి కళ్ళద్దాలు వచ్చాయో! మా ఊళ్ళో సూదిలో దారం ఎక్కించుకోగలిగిన అవ్వల్ని నేనే చూశాను. చాలా మంచి పని, ఎవరు చేసినా చప్పట్లు కొట్టాల్సిందే. కానీ అద్దాలు పెట్టుకుని అక్షరాలు చదవగలిగినంత మాత్రాన కన్ను బాగున్నట్టు కాదు. గ్లాకోమా ఉన్నవాడు కూడా చాలాకాలం చార్టులో చివరి వరస దాకా చదివేస్తాడు. నరం చూడాలి, ఒత్తిడి చూడాలి, అవసరమైతే పక్కచూపు పరీక్ష చేయాలి. ఆ సంగతి చెప్పే పేరు జనం నోట్లో లేకపోతే ఎవరు అడుగుతారు?

మరి ఏం పేరు పెడదామంటావ్ అంటారా? విమర్శించి ఊరుకోవడం నాకూ ఇష్టం లేదు. "కంటి ఒత్తిడి జబ్బు" అని కొందరు వాడుతున్నారు. నీటికాసుల కన్నా నయమే, బీపీ లాగా అర్థమవుతుంది. కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. హైదరాబాద్ సర్వేలో ఈ జబ్బు బయటపడినవాళ్ళలో చాలామందికి పరీక్ష చేసినప్పుడు ఒత్తిడి 22 కన్నా తక్కువే ఉంది. "ఒత్తిడి నార్మల్ అన్నారు, నాకేం లేదు" అనుకునే ప్రమాదం ఇక్కడ కూడా ఉంది. కంప్యూటర్ ముందు కూర్చుంటే కంటికి ఒత్తిడి అని మనవాళ్ళు అనుకునేదొకటి, దాంతో కూడా కలిసిపోతుంది.

అందుకని నా ఓటు "చూపునరం జబ్బు"కి. జబ్బు ఎక్కడుందో చెప్తుంది. నరం అంటే పల్లెలో కూడా భయం ఉంది, "నరం తెగితే అతకదు" అనే ఎరుక కూడా ఉంది. పండేదాకా ఆగుదాం అని నరం గురించి ఎవరూ అనుకోరు. చూపునరానికి వేరే జబ్బులు కూడా ఉన్నాయి కదా అని డాక్టర్ మిత్రులు అభ్యంతరం చెప్పొచ్చు. నిజమే. డాక్టర్ల కోసం గ్లాకోమా అనే మాట అలాగే ఉంచండి, డేటాబేసులో ప్రైమరీ కీ లాగా. దాన్ని ఎవరూ మార్చక్కర్లేదు. తెర మీద మనిషికి కనిపించే పేరు మాత్రం మనిషికి పనికొచ్చేలా పెట్టండి. ఐడీ వేరు, లేబుల్ వేరు అని మనకి మొదటి ఉద్యోగంలో మొదటి వారంలోనే నేర్పారు కదా.

ఆ పేరు కింద మూడు ముక్కలు తప్పకుండా ఉండాలి. ఒకటి, ఇది మోతియా కాదు, పండేదాకా ఆగొద్దు. రెండు, నొప్పి ఉండకపోవచ్చు, ఎదుటి చూపు బాగానే ఉండొచ్చు. మూడు, పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవాలంటే మందు రోజూ వేసుకోవాలి, ఆపొద్దు. ఈ మూడూ చెప్పలేని పేరు, చీటీ, యాప్, అది గ్రీకైనా సంస్కృతమైనా తెలుగైనా నాకు ఒకటే. దండగ.

మనలో మనమాట ఒకటి. ఇది పల్లెల్లో ముసలివాళ్ళ జబ్బు, మనది కాదు అనుకోకండి. మందపాటి మైనస్ అద్దాలున్నవాళ్ళకి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. మన క్యూబికల్స్‌లో అలాంటి అద్దాలు ఎన్ని ఉన్నాయో ఓసారి లేచి నిలబడి చూడండి. అమ్మానాన్నల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికుంటే ఇంకా ఎక్కువ. కళ్ళు దురద పెడుతున్నాయని మందుల షాపులో చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేసుకుంటే, ఒత్తిడి పెరిగి కొనితెచ్చుకున్నట్టు అవుతుంది. కంపెనీవాళ్ళు ఏడాదికోసారి చేయించే హెల్త్ చెకప్‌లో చార్టు చదివించి పంపిస్తే సరిపోయిందనుకోవద్దు. నలభై దాటితే "నా చూపునరం చూశారా? ఒత్తిడి కొలిచారా?" అని నోరు తెరిచి అడగండి. మా పెద్దనాయనది తెలిశాక నాన్నకి చేయించాం. అదృష్టం బాగుండి మొదట్లోనే దొరికింది, రాత్రిపూట ఒక చుక్క మందుతో ఇప్పటికీ పొలానికి పోయి వస్తున్నాడు. చుక్క మర్చిపోతే గుర్తుచేసే అలారానికి ఆయన ఫోన్లో నేను పెట్టిన పేరు "చూపునరం మందు". ఇంతవరకు ఒక్కసారి కూడా అదేంటని అడగలేదు.

ఈ వారాంతం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "కళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడక్కండి. "బాగనే ఉన్నయి" అనే జవాబే వస్తుంది. చివరిసారి కంటి ఒత్తిడి ఎప్పుడు కొలిచారో, నరం చూశారో లేదో అడగండి. జవాబు రాకపోతే టికెట్ బుక్ చేసుకోండి.